వార్తల వేళ పిండిమర

ఎదుటివాళ్ళ మాట నచ్చకపోతే, పిండి అంటిన చెయ్యి చెవి వెనక పెట్టుకొని "ఇనపల్లేదప్పా" అనేది మా పిండిమర అత్త. కడపలో మా ఇంటెదురుగా ఆమె కరెంటు మర ఉండేది. క్విట్ ఇండియా రోజుల్లో ఆమె కొడుకును జైల్లో వేశారు. మర పక్కనే సర్కారువాళ్ళు జనానికని రేడియో పెట్టారు. సాయంత్రం వార్తల్లో జైలుకు పోయినవాళ్ళను రౌడీలనేవారు. సరిగ్గా అప్పుడే అత్త ఉత్త మర తిప్పేది. మోటారు నిప్పురవ్వలకు రేడియోలో గరగర తప్ప మాట వినిపించేది కాదు.

ఒకరోజు అధికారి వచ్చి మోటారు ఆపేశాడు.

"రేడియోకు అడ్డం తగలడం నేరం. వార్తలప్పుడు గిరాకీ లేకుండా మర తిరిగితే నీ లైసెన్సు పోతుంది."

"గిరాకీ ఉంటే?"

"ఉంటే తిప్పుకో" అన్నాడు, ఖాళీ గంపలు చూసి. యుద్ధకాలం. ఎవరింట్లోనూ గింజల్లేవని ఆయనకు తెలుసు.

మరునాటి సాయంత్రం వార్తల వేళకు మా వీధి ఆడవాళ్ళమంతా గిన్నెలు పట్టుకొని మర ముందు వరుస కట్టాం. అత్త మర తిప్పింది. అధికారి నా గిన్నెలోకి తొంగి చూశాడు.

"ఇది ముందే పట్టించిన పిండే కదా" అని అరిచాడు.

అత్త చెయ్యి చెవి వెనక పెట్టుకుంది. ఈసారి మేమూ పెట్టుకున్నాం.