దువ్వెనలోళ్ల మాట తెలిసిన గాజుల ఆపా

నారాయణఖేడ్ చుట్టుపక్కల ముప్పై ఊళ్లలో ఆడవాళ్ల చేయి చూడగానే ఏ సైజు గాజు పడుతుందో చెప్పగలిగిన మనిషి ఆబెదా. వయసు అరవై దాటినా నెత్తిన గంప దిగలేదు. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, నాగల్‌గిద్ద దాటితే కన్నడం, తండాల్లో లంబాడీ. బడికి పోయింది మూడేళ్లే. "నాకు సదువు రాదు గానీ, జగడం ఏ భాషల పెట్టుకున్నా గెలుస్త" అని తనే చెప్పుకునేది. ఊళ్లలో అందరికీ ఆమె గాజుల ఆపా, అంటే గాజులక్క.

ఇవి కాక ఆమెకు ఇంకో భాష వచ్చు. చిన్నప్పుడు తల్లి వెంట నాగల్‌గిద్ద అవతలి గుడిసెలకు పోయేది. అక్కడ కొమ్ముతో దువ్వెనలు చేసే పదిహేను ఇళ్లవాళ్లు ఉండేవాళ్లు. ప్లాస్టిక్ దువ్వెనలు వచ్చాక తలా ఒక దిక్కు పోయారు. అమృతమ్మ ఒక్కతే మిగిలింది. ఆమె ఆబెదాకు నలభై ఏళ్ల దోస్తు. ఇద్దరూ సంతలో పక్కపక్కన కూర్చుని, ఎదురుగా ఉన్న మనిషి గురించి ఆ మనిషికే అర్థం కాకుండా మాట్లాడుకుని నవ్వేవాళ్లు. అమృతమ్మ పోయి పదకొండేళ్లయింది. అప్పటి నుంచి ఆ భాషలో ఆబెదాకు జవాబిచ్చేవాళ్లు లేరు.

పోయిన వానాకాలంలో హైదరాబాద్ నుంచి స్వరూపరాణి దిగింది. ఎవరికీ అంతగా తెలియని భాషలు, మాట్లాడేవాళ్లు లేక పోయిన భాషలు ఏ కుటుంబానికి చెందుతాయో తేల్చడం ఆమె పని. ఎప్పటిదో ఒక అధికారి నోట్‌బుక్కులో ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన పందొమ్మిది మాటలు ఆమెకు దొరికాయి. వాటిని పట్టుకుని బస్టాండ్ దగ్గర నలుగురిని అడిగితే, నలుగురూ ఆబెదా ఇల్లే చూపించారు.

"పుస్తకాల్లో ఈ భాష అంతరించిందని రాసి ఉందమ్మా" అంది స్వరూపరాణి.

"అంటే?"

"మాట్లాడేవాళ్లు ఎవరూ లేరని."

"మరి నేనేంది? దయ్యాన్నా?"

మూడు రోజులు రికార్డింగ్ సాగింది. ఆబెదా గొంతు సవరించుకుని ఒక్కో మాటా చెప్పేది. గాజును ళెబ అంటారు, కోడిని ళికో, పాలను లుహా, ఇంటిని నెమ. భర్త కుతుబుద్దీన్ దర్జీ. మూలన కాజాలు కుడుతూ వినేవాడు. "నలబై ఏండ్లు నాతోని ఉర్దూల కొట్లాడింది, గిదేదో ఇప్పుడు తీస్తుంది" అనేవాడు.

మూడో రోజు మధ్యాహ్నం స్వరూపరాణి పెన్ను కింద పెట్టింది.

"అమ్మా, తెలుగులో గానీ కన్నడంలో గానీ 'ళ'తో మొదలయ్యే మాట ఒక్కటి చెప్పండి."

ఆబెదా చాలాసేపు ఆలోచించింది. ఒక్కటీ దొరకలేదు.

"ఇప్పుడు ళెబను తిప్పి అనండి."

"బ... ళె." కన్నడంలో గాజును బళె అనే అంటారు. ఆబెదా మొహం చిన్నబోయింది. ళికో తిప్పితే కోళి, లుహా తిప్పితే హాలు, నెమ తిప్పితే మనె. కుతుబుద్దీన్ నవ్వీ నవ్వీ వేలికి సూది గుచ్చుకున్నాడు.

"ఇది వేరే భాష కాదమ్మా. సంతలో పక్కవాళ్లకు తెలియకుండా కన్నడాన్ని తిరగేసి మాట్లాడే దొంగమాట. ఆ అధికారిని కూడా వాళ్లు ఇట్లాగే ఆడించి ఉంటారు."

ఆ పూట ఆబెదా అన్నం ముట్టలేదు. నలభై ఏళ్లు దోస్తు తనను ఉల్టా మాటలతో ఆడించిందా? మరునాడు స్వరూపరాణి లాడ్జిలో బ్యాగు సర్దుకుంటుంటే వెళ్లి గుమ్మంలో నిలబడింది.

"సంతల అమృతమ్మ నాతోని గట్లనే మాట్లాడింది, నిజమే. గానీ కోళ్లతోని గట్ల మాట్లాడలె."

"కోళ్లతో ఏమనేది?"

"పొద్దుగూకినంక గంప కిందికి తోలుతుంటే ఒకటి రాకపాయె. 'గూమిల్, గూమిల్' అని తిట్టేది. గిది రాదు అని. మొగడు ఇల్లు పట్టకుంటే గూమట్. వాడు రాడు. ముసల్దయినంక నేను నా ఇంటికి రా, నా దగ్గరుండు అని ఎన్నిసార్లు పిలిచిన. గూమన్ అనేది. రాను అని."

స్వరూపరాణి మెల్లగా ఆ మూడు మాటలూ రాసుకుని, అనుమానం తీరక తిప్పి చదివింది. ఏమీ రాలేదు. మళ్లీ తిప్పింది. ఊహూ. బ్యాగులోంచి బట్టలు బయటికి తీసింది.

"రాను, రాడు, రాదు. కాదనడం తెలుగులో లాగే మాటలోనే కలిసి ఉంది. కానీ చివరి తోకలు తెలుగువి కావు, కన్నడానివీ కావు. పేర్లు ఎక్కడి నుంచైనా వస్తాయమ్మా. ఈ తోకలు అంత జల్దీ మారవు."

"గంతే గదా. మా ఇంట్ల బస్సు, బటన్ అంటం. గంతమాత్రాన ఇంగ్లీషోళ్లం అయినమా?"

ఇంకో వారం కూర్చుంటే ఒకటి నుంచి ఐదు దాకా లెక్క, అక్క, మేనత్త, మోకాలు, ఉమ్మి అనే వాటికి ఆ భాష మాటలు బయటపడ్డాయి. ఫారంలో కుటుంబం అన్నచోట స్వరూపరాణి 'ద్రావిడం కావచ్చు, శాఖ తేలలేదు' అని రాసింది. మాట్లాడేవాళ్లు అన్నచోట ఒకరు అని రాయబోతే ఆబెదా ఆపింది.

"సగం రాయి. నాకు కోళ్లను తిట్టుడు వస్తది గానీ దువ్వెన చేసుడు గురించి ఒక్క ముక్క రాదు."

ఆ గడిలో సగం పట్టదని స్వరూపరాణి ఎంత చెప్పినా వినలేదు. మిగతా సగం వెతకడానికి ఇద్దరూ షేర్ ఆటో ఎక్కి కంగ్టి పోయారు. అక్కడ అమృతమ్మ అక్క కొడుకు అంబదాస్‌కు పంక్చర్ దుకాణం ఉంది.

"మాకేం తెల్వది మేడమ్. చిన్నప్పుడే మర్షిపోయినం" అన్నాడతను, ట్యూబు నీళ్లలో ముంచుతూ. స్వరూపరాణి ఫోన్లో రికార్డు చేసిన ఆబెదా మాటలు పెట్టింది. అంబదాస్ రెండు నిమిషాలు విని నవ్వాడు.

"గలత్ చెప్తున్నవ్ ఆపా. కోడికి గూమిల్ అనరు. గూమెద్ అంటరు. గూమిల్ ఆడమనిషికి."

"నేను నలబై ఏండ్లు ఇన్న. మీ చిన్నమ్మ కోళ్లకు గూమిల్ అనే అన్నది."

"మా చిన్నమ్మకు పిల్లలు లేకుండె. కోళ్లనే బిడ్డల లెక్క పిలిచేది. మేమందరం నవ్వేటోళ్లం."

స్వరూపరాణి చేతిలో పెన్ను ఆగిపోయింది. తెలుగులో ఆడమనిషి రాకపోయినా, కోడి రాకపోయినా రాదు అనే అంటాం. ఈ భాషలో రెండూ వేరు. శాఖ తేల్చడానికి ఇంతకంటే మంచి ఆధారం వారం రోజుల్లో దొరకలేదు. "ఇంకోసారి చెప్పండి అన్నా" అంటూ ఫోన్ ముందుకు జరిపింది.

అతను మొదలుపెట్టాడు. ఆబెదా అడ్డం తగిలింది. తెలుగులో మొదలైన జగడం ఎప్పుడు ఆ భాషలోకి జారిందో ఇద్దరికీ తెలియలేదు. టైరు పట్టుకుని నిలబడ్డ గిరాకీ మాత్రం అరగంట చూసి, "అంబదాస్, నా పంక్చర్ ఏమాయె?" అన్నాడు.

అంబదాస్ తల తిప్పకుండానే ఆ భాషలోనే ఏదో అన్నాడు. ఆబెదా కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ల వెంట నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఏమన్నాడమ్మా అని స్వరూపరాణి ఎన్నిసార్లు అడిగినా, గిరాకీ వెళ్లిపోయేదాకా చెప్పలేదు.