వేసవిలో నిద్రపోయే మొక్క

మొన్న ఉక్కు ప్లాంటు ఊరి అంచున, రిసాలిలో మా ఇంటికి వచ్చిన కోడలు విత్తనాల పొట్లం ఒకటి నా చేతిలో పెట్టి, ఈ పూలు మన మేడ మీద బతుకుతాయా అని అడిగింది. పొట్లం మీద అరచేయంత ఎర్రటి పువ్వు, దాని నడుమ నల్లటి మచ్చలు. ఆ పువ్వును నేను బొమ్మల్లో తప్ప చూడలేదు. మా ఇంటి ముందు అది పూయకుండా పోయిందంటే అందుకు కారణం నేనే.

డెబ్బైల చివరి సంవత్సరాల్లో మేము ఈ హిందీ ఊళ్ళోనే, ప్లాంటు వాళ్ళిచ్చిన సెక్టారు క్వార్టర్లో ఉండేవాళ్ళం. నాన్న ప్లాంటులో ఫోర్‌మన్. ఆయనతో పనిచేసే రష్యా ఇంజనీరు భార్య వారానికోసారి మా వరండాకు వచ్చి, అమ్మ అల్లికలు చూస్తూ పెసరట్టు తినేది. ఆవిడకు తెలుగు రాదు, అమ్మకు హిందీ కూడా అంతంతమాత్రం. అయినా శ్రీకాకుళం వైపు పల్లె నుంచి కాపురానికొచ్చి, బెరుకుతో ఎవరింటికీ వెళ్ళని అమ్మకు ఆ ఊళ్ళో ఉన్న స్నేహం అదొక్కటే.

స్వదేశం వెళ్ళిపోయే ముందు ఆవిడ అమ్మకు చిన్న పొట్లమూ, తన చిరునామా రాసిన కాగితమూ ఇచ్చింది. పువ్వును పుస్తకంలో అదిమి ఉత్తరంలో పంపమని సైగ చేసింది. రెండు వేళ్ళు చూపించింది, సూర్యుణ్ణి చూపించింది, ఆపైన రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. గుమ్మంలో నిలబడ్డ నేను, పన్నెండేళ్ళ దాన్ని, పాపం ఆవిడకు నిద్రొస్తోంది కాబోలనుకున్నాను.

దసరా వెళ్ళాక అమ్మ ముందువైపు గోడవార, రోజంతా ఎండపడే మడిలో గసగసాల్లాంటి ఆ గింజలు చల్లింది. నల్లమందు మొక్కలేమోనని పక్కింటివారు భయపెట్టినా లెక్కచేయలేదు. చలికాలమంతా నూగునూగు ఆకులు గుబురుగా పెరిగాయి కానీ మొగ్గ లేదు. ప్లాంటు నుంచి వచ్చే ఎర్రదుమ్మును అమ్మ తడిగుడ్డతో ఆకాకునా తుడిచేది.

ఏప్రిల్లో పిన్ని పురుటికని అమ్మ ఊరెళ్ళింది. ఎండలు ముదిరి ఆకులన్నీ మాడిపోయాయి. చలికాలపు పూలమొక్కలు ఎండగానే పీకేసి ఆ మడిలో గోంగూర చల్లడం మా వీధిలో అందరికీ అలవాటే. అమ్మ వచ్చేసరికి మడి శుభ్రంగా ఉండాలని నేనూ గునపం తీసుకున్నాను. ముల్లంగిలా లావుపాటి వేర్లు తెగిన చోట పాలు కారాయి. ఎండిన మొక్కకు పాలేమిటని ఒక్క క్షణం అనిపించింది. అయినా ఆగలేదు.

అమ్మ రిక్షా దిగి, పెట్టె కింద పెట్టకుండానే మడి వైపు చూసింది.

"ఏటమ్మా, నిద్దరోతున్నదాన్ని తవ్వీసినావా?"

అంతే అన్నది. రెండు వేళ్ళంటే రెండో ఏడు పూస్తుందని, సూర్యుడూ నిద్రా అంటే ఎండల్లో పడుకుని మళ్ళీ లేస్తుందని నాకప్పుడు తెలిసింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ ఏడు గోంగూర విరగకాసింది. అమ్మ మా అందరికీ వండిపెట్టింది, తన కంచంలో మాత్రం వేసుకోలేదు. మరుసటి చలికాలం ఒక బంతిపువ్వు అదిమి, చిరునామా నా చేతే రాయించి పంపింది. ఆ తెలియని అక్షరాలను నేను బొమ్మ గీసినట్టు గీశాను. జవాబు రాలేదు. పువ్వు మారిందని ఆవిడ నొచ్చుకుందేమోనని అమ్మ చాలా ఏళ్ళు అనుకుంటూ ఉండేది. నా రాతే తప్పయి ఉంటుందని నేను చెప్పలేకపోయాను, ఇప్పుడు చెబుదామంటే అమ్మ లేదు.

మా ఎండలకు ఆ వేర్లు మళ్ళీ చిగురించేవో లేదో నాకు తెలియదు. ఆ మడి మీద ఇప్పుడు ఎవరిదో కారు నిలబెట్టే షెడ్డు ఉంది. ఏ దేశపు మాటనైనా ఫోను క్షణంలో తెలుగు చేసి చెబుతోంది. ఒకరి సైగ కోసం మరొకరు ముఖంలోకి అంతసేపు చూడాల్సిన అవసరం ఇప్పుడెవరికీ లేదు.

గింజలు చల్లుదామనే కోడలితో అన్నాను. వేసవిలో ఆకులు ఎండిపోతే ముట్టుకోవద్దని చెప్పాల్సి ఉంది. రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను.