అడ్రస్ ప్రూఫ్‌గా ఓటరు కార్డు

2023 ఫిబ్రవరి. అమెరికాలోని ఫ్రిస్కోలో ఇండియన్ గ్రోసరీ షాపు పక్కనే నా టాక్స్ ఆఫీసు. పదిహేడేళ్లుగా ఇదే పని. మనవాళ్ల రిటర్నులు వేస్తాను, ప్రభుత్వం పంపిన ఉత్తరాలు చదివి ఎంత భయపడాలో చెబుతాను. రెండో పనికి ఫీజు లేదు. గిరాకీ మాత్రం దానికే ఎక్కువ.

ఆ రోజు వచ్చిన దంపతులు కొత్తవాళ్లు. విశ్వేశ్వరరావుగారు డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యారు. ఆయన భార్య రత్నకుమారిగారు. కూతురు స్పాన్సర్ చేస్తే ఇద్దరూ గ్రీన్ కార్డు మీద వచ్చి ఆరేళ్లయింది. రావుగారి చేతిలో ఫైలు, ఫైలుకి ట్యాగు, ప్రతి కాగితానికీ పేజీ నంబరు. ముప్పై ఏళ్ల సర్వీసులో తాను రాసిన దరఖాస్తు ఒక్కటీ వెనక్కి రాలేదని కూర్చున్న రెండో నిమిషంలోనే చెప్పారు.

"గుంటూరు బ్యాంకులో ఎఫ్‌డీలున్నాయి బాబూ. ఇక్కడ చెప్పకపోతే జైలంటగా?" అన్నారు గొంతు తగ్గించి.

అది ఎఫ్‌బార్ సంగతి. బయటి దేశాల్లోని ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా పదివేల డాలర్లు దాటితే ఇక్కడి ప్రభుత్వానికి తెలియజేసే ఫారం. పన్ను కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పడం, అంతే.

"అరగంట పని అంకుల్. ఇక నిశ్చింతగా ఉండండి" అన్నాను. ఆ మాట కాస్త తొందరపడి అన్నాను.

కొత్తవాళ్ల దగ్గర ఫొటో గుర్తింపు, అడ్రస్ ప్రూఫ్ తీసుకోవడం నా అలవాటు. రావుగారు డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చారు. రత్నకుమారిగారు గ్రీన్ కార్డు ఇచ్చి, హ్యాండ్‌బ్యాగు తెరిచి, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా దాచిన ఇంకో కార్డు తీశారు.

"నాకు డ్రైవింగ్ రాదు బాబూ. నా పేరూ అడ్రసూ కలిసి ఉన్న కాగితం ఒక్కటీ లేకపోయింది. అందుకని ఈయన ఇది తెప్పించారు."

ఓటరు రిజిస్ట్రేషన్ కార్డు. పేరు ఆవిడదే. రెండుసార్లు చదివాను. మూడోసారి చదివితే మారుతుందేమోనని అదీ చేశాను.

"ఆంటీ, మీకు సిటిజన్‌షిప్ ఎప్పుడొచ్చింది?"

"ఇంకా రాలేదుగా. వచ్చే నెల ఇంటర్వ్యూ."

ఇక్కడ పౌరులు తప్ప ఎవరూ ఓటరుగా నమోదు కాకూడదు. గ్రీన్ కార్డు ఉంటే ఉండనిస్తారు, పౌరులైపోరు.

"మరి ఇదెలా వచ్చింది?"

రావుగారు గర్వంగా ముందుకు జరిగారు. "షాపు ముందు టేబులేసుకుని ఫారాలు ఇస్తున్నారు, ఫ్రీగా. మన దగ్గర సిమ్ముకైనా గ్యాసుకైనా ఓటరు కార్డేగా ముందు అడిగేది! ఇంటికి తెచ్చి నింపి పోస్టులో వేశాను. నెలలో వచ్చింది. ఒక్కరికి పైసా ఇవ్వలేదు, ఒక్కసారి తిరగలేదు."

"అందులో అమెరికా పౌరులా కాదా అనే ప్రశ్న ఉంటుంది అంకుల్."

"ఉంది."

"ఏం టిక్కు పెట్టారు?"

"అవునని."

"ఎందుకు?"

"కాదంటే ఫారం నింపొద్దని రాశాడు. మరి కార్డెలా వస్తుంది బాబూ?"

రావుగారు నా మొహం చూసి కొంచెం తగ్గారు. "గ్రీన్ కార్డుందిగా, సగం పౌరులమేగా అనుకున్నా..."

"ఆంటీ, మీరు చదవలేదా?"

"ఇంటూ మార్కు పెట్టిచ్చారు. అక్కడ సంతకం పెట్టాను. పెళ్లయినప్పటి నుంచీ అంతే."

ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే. అడగడానికి ధైర్యం చాల్లేదు. అయినా అడిగాను.

"ఓటు వేశారా?"

"ఈయన తీసుకెళ్లారు. క్యూ చూసి నా మోకాళ్లు వద్దన్నాయి. తిరిగొచ్చేశాం."

కీళ్లనొప్పులు మనిషికి మేలు చేయడం నేను చూసింది అదొక్కసారే.

ఇది నా పని కాదు. తెలిసిన ఇమిగ్రేషన్ లాయరుకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. తెలుగావిడే. అంతా విని, పౌరసత్వం లేకుండా ఉందని చెప్పుకోవడం చాలా పెద్ద తప్పని, సిటిజన్‌షిప్ రాకపోవడం సరే, దేశం నుంచి పంపించేయడానికి కూడా అది చాలునని చెప్పింది. ఆ వెంటనే అడిగింది: "సిటిజన్‌షిప్ అప్లికేషన్‌లో 'ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా' అన్నదానికి ఏం రాశారు?"

ఆ అప్లికేషన్ నింపింది కూతురు. కార్డు సంగతి ఆ పిల్లకి తెలియదు. "లేదు" అని రాసింది. దాని కిందా రత్నకుమారిగారి సంతకమే.

"నేను దొంగ సంతకం పెట్టినట్టా బాబూ?" అని అడిగారావిడ.

"కాదాంటీ. సంతకం మీదే. చిక్కంతా అదే."

రావుగారు లేచి నిలబడి ఫోనుతో మాట్లాడారు, ఎదురుగా కలెక్టరున్నట్టు. "అమ్మా, రాసింది నేను. ఆవిడకేం తెలియదు. పంపిస్తే నన్ను పంపమనండి."

"సంతకం చేసినవాళ్లదే బాధ్యతండీ" అంది లాయరు. ఆయన కూర్చోలేదు. ఆ ఫైలు చంకలో పెట్టుకుని అలాగే నిలబడ్డారు.

ఓటరు జాబితాలోంచి పేరు తీయించారు. ఎన్నడూ ఓటు వేయలేదని కౌంటీ ఎన్నికల ఆఫీసు నుంచి ఉత్తరం తెచ్చుకున్నారు. ఇంటర్వ్యూలో అధికారి అడగకముందే లాయరు అంతా చెప్పేసింది. నాలుగు నెలలకు జవాబొచ్చింది: సిటిజన్‌షిప్ నిరాకరించారు. గ్రీన్ కార్డు జోలికి ఇంతవరకు రాలేదు. దేశం దాటితే మళ్లీ రానిస్తారన్న నమ్మకం లేదు కాబట్టి కదలొద్దని లాయరు సలహా. ఆ ఏడు ఇండియాలో చెల్లెలి షష్టిపూర్తి రత్నకుమారిగారు ఫోన్లో చూశారు.

దాచిపెట్టేవాళ్లే ఇరుక్కుంటారని అంతవరకు అనుకునేవాణ్ణి. అన్నీ సక్రమంగా ఉండాలని తపించే మనిషి అంతకంటే బాగా ఇరికించగలడని ఆ రోజే తెలిసింది. అప్పటినుంచి ఏ ఫారమైనా నింపినవాళ్లకి కాదు, సంతకం చేసేవాళ్లకి తెలుగులో చదివి వినిపిస్తున్నాను. కొందరు భర్తలు గడియారం చూసుకుంటారు. చూసుకోనీ.

మొన్న టాక్స్ సీజన్లో ఆ దంపతులు మళ్లీ వచ్చారు. రిటర్ను చదివి వినిపించబోతే రత్నకుమారిగారు కాగితాలు తనవైపు లాక్కున్నారు.

"మామూలేలే రత్నం..." అన్నారు రావుగారు.

"మామూలో కాదో నన్ను చూడనివ్వండి."

నలభై నిమిషాలు చదివారు. బయట ఇద్దరు కస్టమర్లు ఎదురుచూస్తున్నారు. నన్ను నాలుగు ప్రశ్నలు అడిగారు. మూడింటికి జవాబు చెప్పాను. నాలుగో దగ్గర తప్పు దొరికింది. నాది.