రెండు చలికాలాల కట్టెలు

మా బావ పేరు తైస్తో, మా అక్క ఔనెకి భర్త. ఏనాడూ తన బాధ నోరు తెరిచి చెప్పుకున్న మనిషి కాదు. అడవిలో దుంగలు కొడుతూ వేలు తెగినప్పుడు కూడా దానికి జేబురుమాలు చుట్టుకుని, ఆ పూట పని ముగించుకునే ఇంటికొచ్చాడు. మా కైనూ ప్రాంతంలో ఇలాంటివాళ్ళని గట్టివాళ్ళంటారు. నేను మొండిఘటాలంటాను.

ఆ మనిషికి గుండెలో కవాటం పూడుకుపోయింది. ఆపరేషన్ తప్పదని వరుసలో పేరు ఎక్కించి, బరువులెత్తొద్దని చెప్పి పంపారు డాక్టర్లు. ఎవరికి ఎక్కువ కష్టంగా ఉంటే వాళ్ళకి ముందు చేస్తారు. అది కనుక్కోవడానికే ఆస్పత్రి నర్సు అప్పుడప్పుడూ ఫోన్ చేసేది.

నాది వాళ్ళ పక్కిల్లే. ఆకులు రాలే రోజుల్లో బావ కట్టెల కొట్టానికి వెళ్తూ సగం దారిలో ఆగి, సరస్సుకేసి చూస్తూ నిలబడేవాడు. పుట్టినప్పటినుంచీ చూస్తున్న సరస్సే, కొత్తగా చూడ్డానికేముంది? ఊపిరందక ఆగేవాడు. పడుకుంటే ఆయాసమని కుర్చీలోనే కునుకు తీస్తున్నాడని మా అక్క చెప్పింది. అయినా గొడ్డలి మాత్రం వదల్లేదు.

ఒకరోజు నేను కాఫీకి వెళ్ళి కూర్చున్నానో లేదో నర్సు ఫోన్ వచ్చింది.

"ఆయాసంగానీ, కళ్ళు తిరగడంగానీ ఏమైనా ఉందాండీ?"

"చెప్పుకోవాల్సిందేం లేదమ్మా," అని పెట్టేశాడు బావ. రెండో చెయ్యి బల్ల అంచుని గట్టిగా పట్టుకునే ఉంది.

నాకు ఒళ్ళు మండింది. "ఏం బావా, నిజం చెప్తే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?"

"నాకంటే అధ్వాన్నంగా ఉన్నవాళ్ళు ఎంతమందో! వాళ్ళని తోసుకుని పొమ్మంటావా?"

"అధ్వాన్నంగా ఉన్నది నువ్వే! అడగందే అమ్మైనా పెట్టదంటారు. నీకు వాళ్ళే ఫోన్ చేసి అడుగుతుంటే కూడా నోరు పెగలదేం?"

"భయమేస్తోందని చెప్పమంటావా?"

"వేస్తోందా?"

బావ కాఫీ కప్పు పక్కకి జరిపాడు. "రొమ్ము కోసి తెరుస్తారంట, హిల్కా. నేను మళ్ళీ కళ్ళు తెరవకపోతే మీ అక్క గొడ్డలి ఎత్తగలదా? రెండు చలికాలాలకి సరిపడా కట్టెలు పేర్చేదాకా వాళ్ళు పిలవకపోతేనే మేలు."

అక్కడే, అతని ఎదురుగానే నర్సుకి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పేశాను. సోమవారమే వచ్చి చేరమన్నారు.

"ఎవరి వంతో దొంగిలించావు," అన్నాడు బావ. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

దానికి రెండ్రోజుల ముందు, శనివారం నేనూ అక్కా అతనికి ఆస్పత్రిలో వేసుకోవడానికి కొత్త పైజామాలు కొనుక్కొచ్చేసరికి, బావ కొట్టం ముందు బోర్లా పడి ఉన్నాడు. ఒంట్లో వేడి ఉంది, ఊపిరి లేదు. రెండు చలికాలాల లెక్కకి కట్టెలు ఇంకొక్క వరుస పేర్చడం మిగిలింది.

అంత్యక్రియలయ్యాక ఆ నర్సే ఫోన్ చేసింది. మంచి పిల్ల పాపం.

"మీరెలా ఉన్నారమ్మా?" అని అడిగింది అక్కని.

బావ పోయినప్పటినుంచీ అక్క ఇల్లు వెచ్చబెట్టే పొయ్యి వెలిగించలేదు. అతను పేర్చిన వాటిలోంచి ఒక్క కట్టె తీయడానికి చేతులు రావడం లేదామెకి. ఇంట్లోనే కోటు వేసుకుని కూర్చుంది, పెదాలు చలికి నీలంగా మారాయి.

"చెప్పుకోవాల్సిందేం లేదు తల్లీ," అంది. "కట్టెలు బోలెడున్నాయి."

నేను ఆమె చేతిలోంచి ఫోన్ లాక్కున్నాను.