నేను కొట్టేసిన వరుస

1978 జూన్‌లో నన్ను ఢిల్లీలోని ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థకు మెయింటెనెన్స్ ఇంజనీరుగా వేశారు. నా బాధ్యత ఒక మినీ కంప్యూటర్. అది బట్టల బీరువా అంత ఉండేది. అంతకుముందు కంప్యూటరంటే ఒక హాలు కావాలి, అందుకే ఆ పేరు.

దానికి తనంతట తాను లేవడం తెలియదు. ముందువైపు పలకమీది పన్నెండు స్విచ్‌లను పైకీ కిందికీ వేసి, ఒక్కో ఆదేశాన్నీ చేత్తో ఎక్కించాలి. అలా పదహారు ఎక్కితేనే దానికి చిల్లులు పొడిచిన పేపర్ టేపు చదవడం వస్తుంది. మిగతా ప్రోగ్రాములన్నీ ఆ టేపుల మీదే ఉండేవి. ఈ పదహారింటినీ కలిపి లోడర్ అనేవాళ్లం. మెమరీ సన్నటి అయస్కాంత వలయాలతో అల్లినది కాబట్టి కరెంటు పోయినా లోడర్ చెరిగేది కాదు.

చేరిన వారంలోనే లోడర్ ఆదేశాల సంఖ్యలున్న పాత ఆపరేటర్ చేతిరాత జాబితాను డైరీలోకి దించుకుని, దాన్నుంచి కార్డు టైపు చేయించి, సంతకం చేసి యంత్రానికి అంటించాను. ఏడాదిపాటు ఎవరికీ దాని అవసరం రాలేదు.

మరుసటి ఏడాది ఆగస్టులో నేను సెలవులో ఉండగా ఒక ప్రోగ్రాము అదుపుతప్పి మెమరీని తుడిచేసింది. ఆపరేటర్ రమాదేవి కార్డు చూసి లోడర్ ఎక్కించారు. టేపు తిరిగింది, ప్రోగ్రాము రాలేదు. యంత్రం అమ్మిన కంపెనీ ఇంజనీరు వచ్చి దానిలో లోపం లేదని రాసిచ్చాడు. కాకినాడ నుంచి వచ్చి జనక్‌పురిలో ఉంటున్న ఆమెకు ఆ నెలాఖరుకు ప్రొబేషన్ పూర్తవ్వాలి. నేను తిరిగొచ్చేసరికి ఆమె పేర మెమో సిద్ధమైంది.

"మషీన్ ఠీక్ హై, కార్డ్ ఆప్‌కా హై. తో గల్తీ కిస్‌కీ?" అన్నారు మా విభాగాధిపతి. యంత్రం బాగానే ఉంది, కార్డు నాది, ఇక తప్పు ఆమెదే కదా అని ఆయన లెక్క. టేపులు చూసే గుమాస్తా, మేడమ్ వేళ్లకు హార్మోనియం అలవాటేమోనన్నాడు.

"నాలుగుసార్లు వేశాను సార్, కార్డులో ఉన్నది ఉన్నట్టే. హార్మోనియమట! పోనీ మీరే వాయించి చూడండి," అన్నారామె నాతో.

వాయించాను. నాకూ రాలేదు.

ఆ సాయంత్రం డైరీ తీశాను. జాబితాలో ఒకే సంఖ్య వరుసగా రెండు చోట్ల ఉంది. రెండోదాన్ని ఎర్ర పెన్సిలుతో కొట్టేసి, పక్కన 'పొరపాటున రెండుసార్లు రాశారు' అని నేనే రాసుకున్నాను. ఆ ఆదేశం టేపు నుంచి చదివిన అంకెలను రెండు స్థానాలే పక్కకు జరుపుతుంది. ఇంకా జరపాలంటే దాన్నే మళ్లీ ఇవ్వాలి. కార్డు మీద పదిహేనే ఉన్నాయని ఎవరమూ లెక్కపెట్టలేదు. మర్నాడు ఆ వరుస చేర్చి ఎక్కించగానే ప్రోగ్రాము వచ్చింది.

"టైపిస్ట్ కీ గల్తీ లిఖ్ దో, బాత్ ఖతమ్," అన్నారు విభాగాధిపతి, టైపిస్టు తప్పని రాసేస్తే గొడవ తీరిపోతుందని. డైరీ చూపమని ఎవరూ అడగలేదు. టైపిస్టు నా ప్రతిని అక్షరం పొల్లుపోకుండా కొట్టాడని, వరుస తీసేసింది నేనేనని రాసిచ్చాను. మెమో నా పేరుకు మారింది. రమాదేవి ఉద్యోగం నెలాఖరుకు ఖాయమైంది. నా ప్రమోషన్ ఏడాది వెనక్కి పోయింది.

పనిచేసినవాడి రాతలో తప్పు ఉందనిపిస్తే, దిద్దేముందు అతన్ని అడగాలి. ఆ పాత ఆపరేటర్ నేను చేరిన రోజుల్లో కింది అంతస్తు స్టోర్స్‌లోనే ఉన్నాడు. రెండు నిమిషాల పని.