నాన్న శ్రుతి చేసిన హార్మోనియంలు

పోయిన ఆదివారం మేడ మీద గది ఖాళీ చేసినప్పుడు అక్కడ ఉన్నది ముగ్గురం: అమ్మ, అక్క మొగుడైన మా బావ, నేను. దొరికిన వస్తువులు: తిత్తి చిరిగిన హార్మోనియం పెట్టె ఒకటి, బిస్కెట్ల డబ్బా నిండా ఇత్తడి రీడ్లు, సన్న ఆకురాళ్లు మూడు, మేకతోలు ముక్కలు, పాత గొడుగు కమ్మీలు ఒక కట్ట. గదిలో అద్దెకు దిగేవాళ్లు బుధవారం పాలు పొంగించుకుంటారట. ఈ కమ్మీలు దేనికని బావ అడిగాడు. హార్మోనియం మెట్ల కింద స్ప్రింగులకి పనికొస్తాయని నాన్న ఊళ్లో విరిగిన గొడుగులన్నీ పోగుచేసేవారని అమ్మ చెప్పింది. చెప్పి, కమ్మీల మీద దుమ్ము దులిపి, మళ్లీ అక్కడే పెట్టింది. ఆయన పోయి ఏడాదిన్నర అయింది. గది ఆ రోజు సగమే ఖాళీ అయింది.

నాన్న విజయనగరం దగ్గర ఒక జూట్ మిల్లులో గోనెగుడ్డ నేసేవారు. షిఫ్టు వారానికోసారి మారేది, దాంతోపాటు ఆయన నిద్ర, భోజనం, మలవిసర్జన కూడా మారేవి. ఈ మూడో దాని గురించి ఆయన మిల్లు యాజమాన్యాన్ని ఎన్నడూ క్షమించలేదు. కనుబొమల మీద నార దుమ్ముతో సైకిల్ దిగుతుంటే ముసలివాడిలా కనిపించేవారు. స్నానం చేశాక తన వయసుకి తిరిగి వచ్చేవారు. తర్వాత్తర్వాత స్నానం చేసినా రాలేదు. అక్క చదువు, పెళ్లి, నా పాలిటెక్నిక్, నాయనమ్మ మోకాళ్లు, చెల్లూరులో రాగులు పండే అర ఎకరం చోడిచేను, అన్నీ ఆ సైకిల్ మీదే నడిచాయి. అలసిపోయానని ఆయన అనగా నేను వినలేదు. కూర్చున్నచోటే కళ్లు మూతపడేవి, అంతే.

అంత అలసటలోనూ చోడి అంబలి తాగి, అరుగు మీద చాప వేసి, హార్మోనియం విప్పేవారు. పడుచుతనంలో ఒక నాటకాల మేళంలో హార్మోనిస్టు దగ్గర ఈ విద్య పట్టుబడిందట. చుట్టుపక్కల భజన సమాజాల పెట్టెలన్నీ మా అరుగుకే వచ్చేవి. స్వరం పలికే ఇత్తడి నాలుకే రీడు; దాని కొసని గీస్తే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో గీస్తే తగ్గుతుంది. ఒక గీత గీయడం, ఊది వినడం, మళ్లీ గీయడం. విచిత్రమేమిటంటే ఆయనకి హార్మోనియం వాయించడం రాదు. ఒక్క పాట కూడా రాదు. “పాయసం వండి నోట్లో ఎట్టుకోని మనిషివి నువ్వు” అనేది అమ్మ. ఆయన నవ్వేవారు. ఆ రెండు గంటల్లో మాత్రం ఆయన కళ్లు మూతపడగా నేను చూడలేదు.

మిల్లు మాటల గురించి కూడా చెప్పాలి. వందల మగ్గాలు ఒకే కప్పు కింద ఆడుతుంటే మాట వినపడదు. అందుకని మిల్లువాళ్లు పెదాలు చూసి మాట్లాడుకుంటారు, చేతులతో సగం చెబుతారు. నాలుగు మగ్గాల అవతల ఉన్నవాడు ఏం తిని వచ్చాడో ఇవతలవాడు తెలుసుకుంటాడు. ఈ అలవాటు ఇళ్లకీ వస్తుంది. మా వీధిలో మిల్లుకి పోయే మగాళ్లంతా గట్టిగా అరిచి మాట్లాడతారు, ఎదుటివాడి మూతినే చూస్తారు. ఉప్పు కావాలంటే నాన్న రెండు వేళ్లు రాసి చూపించేవారు. అమ్మ ఆయనకి ఏం చెప్పాలన్నా ఎదురుగా వెళ్లి నిలబడి చెప్పేది. వెనక నుంచి పిలిస్తే పలికేవారు కాదు. మిల్లు మనిషి కదా, అలాగే ఉంటాడని అందరం అనుకున్నాం.

2013లో నేను డిప్లొమా ఆఖరి ఏడాదిలో ఉన్నాను. భజన సమాజం వాళ్లు డోలోత్సవానికి శ్రీకూర్మం వెళ్లాలని, సమాజం పెద్ద తన పెట్టె తెచ్చాడు. కిరాణా కొట్టు ఆయన, నాన్నకి వరసకి బావ. నాన్న మూడు సాయంత్రాలు కూర్చుని దాన్ని శ్రుతి చేశారు. నా కొత్త ఫోనులో శ్రుతి చూపించే యాప్ ఒకటి ఉంది. సరదాగా ఒక్కొక్క మెట్టూ నొక్కి చూశాను. కింది స్థాయి సరిగ్గానే ఉంది. పై స్థాయిలో ఏడు మెట్లు ఉండాల్సిన శ్రుతి కన్నా ఎక్కువ పలుకుతున్నాయి, పైకి పోయేకొద్దీ మరీ ఎక్కువ. ఫోనే తప్పు చెబుతోందనుకుని పాలిటెక్నిక్‌లో ఉన్న మీటరుతో కూడా సరిచూశాను. ఫోను తప్పు చెప్పడం లేదు.

పెట్టె తీసుకెళ్లడానికి పెద్దాయన వచ్చినప్పుడు గేటు దాకా వెళ్లి ఆ ఏడు మెట్ల సంగతి మెల్లగా అడిగాను. ఆయన అరుగు వైపు ఒకసారి చూశాడు. నాన్న మెల్లగా అన్న మాట అందనంత దూరంలో, ఆకురాళ్లు తుడుచుకుంటూ కూర్చున్నారు. పెద్దాయన గొంతు బాగా తగ్గించాడు.

“నాకు తెలుసురా బాబూ. ఏడేళ్లై సూస్తన్నాం. మీ ఇంటికాడ నుంచి తిన్నగా సికాకుళం అట్టుకెల్లి ఇంకోడితో సరిసేయించుకుంతన్నాం. మీ నాన్నకి మాత్రం సెప్పకు.”

అంత మెల్లగా చెప్పాడు కాబట్టి నాన్నకి చేరలేదని ఇద్దరం అనుకున్నాం. ఆయన చూస్తున్నది మా పెదాలని. అరుగుకీ గేటుకీ మధ్య దూరం నాలుగు మగ్గాలంత కూడా లేదు.

నాన్న లేచి వచ్చారు. ఎప్పటిలాగే వీధంతా వినపడే గొంతుతో అడిగారు.

“మరి నాకాడికెందుకు తెస్తన్నావు బావా?”

పెద్దాయన పెట్టె కింద దించాడు. “నువ్వు సేస్తంటే నీ మొకం బాగుంటాది. అందుకే” అన్నాడు.

నాన్న పెట్టె తిరిగి అరుగు మీద పెట్టించారు. నా ఫోను అడిగి పక్కన పెట్టుకున్నారు. పై రీడ్లు కొన్ని గీసి గీసి పలచబడిపోయాయి, వాటిని మార్చారు. మిగతావి ఫోనులో ముల్లు మధ్యకి వచ్చేదాకా మొదట్లో గీశారు. ఊదడం, ముల్లు చూడడం, గీయడం. చెవి ఒగ్గలేదు. ఏడు మెట్లూ సరిపోయాయి. పెద్దాయన వాయించి చూసి, బ్రహ్మాండంగా ఉందన్నాడు. అది నిజమే.

ఇకమీదట ఇలాగే చేయొచ్చు కదా, యాప్ ఉంది కదా అన్నాను, ఎదురుగా నిలబడి. నాన్న ఫోను నా చేతిలో పెట్టారు.

“సూసి సేసే పని మిల్లులో సేస్తన్నాను కదరా. ఇది ఇని సేసేదనే గదా ఇన్నాళ్లూ సేసింది.”

ఆ తర్వాత ఆయన ఏ పెట్టే విప్పలేదు. తెచ్చినవాళ్లకి నా చేత శ్రీకాకుళం అడ్రసు చెప్పించేవారు. విజయనగరంలో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళితే, పెద్ద చప్పుళ్లకి నరం అరిగిపోయిందని, ముందు పై స్థాయి సన్నటి శబ్దాలు పోతాయని, మనుషుల మాట కూడా సగానికి పైగా పోయి ఆరేళ్లయినా అయి ఉంటుందని చెప్పాడు. అమ్మ నమ్మలేదు, నిన్న రాత్రి కూడా మాట్లాడుకున్నామంది. చెవి మిషను పెడితే మిల్లులో తల పగిలిపోతోందని నాన్న తీసేశారు. ఇంకో నాలుగేళ్లు అదే షిఫ్టుల్లో పనిచేసి రిటైరయ్యారు. సాయంత్రాలు అరుగు మీద చాప వేసుకుని నిద్రపోయేవారు.

కాలం ఒక మనిషి నుంచి ఏదైనా తీసుకునేటప్పుడు ఇంట్లోవాళ్లకి చెప్పి తీసుకోదు. మేం రోజూ ఆయనతో మాట్లాడాం, ఆయన రోజూ జవాబు చెప్పారు. ఇంట్లో ఉన్నది ఆయన కాక నలుగురం, ఒక్కరికీ తెలియలేదు. ఆరేళ్లు.