పది రోజుల పుండు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరికి నోరు పూసినా మా అమ్మ మొదట అడిగే మాట, “మండుతోందా?” అని. మండుతోందంటే వేడి చేసిందని అర్థం. వెంటనే సబ్జా గింజలు నానేవి, మజ్జిగ పలుచబడేది, ఆవకాయ జాడీ అలమరాలో అందని అరకు ఎక్కేది. మంట తగ్గిందంటే పుండు మానిందని అర్థం. అప్పుడు జాడీ కిందికి దిగేది. బయట మంచు కురుస్తున్నా, కిటికీ అద్దానికి లోపలివైపున చెమ్మ గడ్డకట్టినా మా ఇంట్లో నోటిపూతకు కారణం వేడే.

“మైనస్ ట్వంటీలో వేడేమిటే?” అని నాన్న నవ్వేవారు.

“బయట మైనస్ అయితే ఒంట్లోనూ మైనస్సేనా?” అనేది అమ్మ.

అప్పుడు మేము పరదేశంలో, స్కార్‌బరో అనే ఊళ్ళో, ఒక ఎత్తయిన అపార్ట్‌మెంటులో, పదకొండో అంతస్తున ఉండేవాళ్ళం. నాయనమ్మ పోయిన తరువాత నాన్న మా తాతయ్యను స్పాన్సర్ చేసి తన దగ్గరికి తెచ్చుకున్నారు. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు. పగలంతా ఏమీ తోచక, నాకు తెలుగు నేర్పే పనిని తాతయ్య తనంతట తానే నెత్తిన వేసుకున్నారు. నేను ఇంగ్లీషులో జవాబిస్తే వినబడనట్లు కిటికీలోంచి బయటికి చూసేవారు. అదే మాట తెలుగులో చెప్పేదాకా ముఖం ఇటు తిప్పేవారు కాదు. ఈ రోజు ఈ వాక్యాలు రాయగలుగుతున్నానంటే అది ఆయన మొండితనం చలవే.

తాతయ్య రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. రైలు ఏ స్టేషనులో ఎన్ని నిమిషాలు ఆలస్యమయిందో, ఎందుకు ఆలస్యమయిందో రాసే బాధ్యత గార్డుది. ఆ నిమిషాలను తగ్గించి రాయమని డ్రైవర్లు బతిమాలేవారట. “గార్డుగారూ, ఆ నాలుగు నిమిషాలూ వదిలేయండి, మా అమ్మాయి పెళ్ళి మీద ఒట్టు” అనేవాడట ఒకాయన. “నీకెంతమంది అమ్మాయిలయ్యా? పోయిన నెలలోనూ ఇదే ఒట్టు వేశావు” అని తాతయ్య నాలుగుకు నాలుగూ రాసేవారట. ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ డ్రైవరు గొంతు ఒకటి, తన గొంతు ఒకటి, మధ్యలో ఇంజను కూత ఒకటి, మూడూ ఆయన నోటి నుంచే వచ్చేవి. నేను పడీ పడీ నవ్వేదాన్ని.

అలా నవ్విస్తూ నోరు బాగా తెరిచిన ఒక సాయంత్రమే ఆయన నాలుక పక్కన పుండును నేను చూశాను. అంచు తెల్లగా, మధ్యన ఎర్రగా ఉంది. అది నవంబరు నెల. పరుగెత్తి వెళ్ళి అమ్మకు చెప్పాను.

“మండుతోందా, మామయ్యగారూ?” అని అడిగింది అమ్మ.

“అబ్బే, లేదమ్మా. పన్ను గీసుకున్నట్టుంది, అంతే.”

నమ్మకం కుదరక ఆ రాత్రి భోజనంలో అమ్మ ఆయనకు ఆవకాయ ముక్క వేసింది. ఆయన ముఖం చిట్లించకుండా తిని, ఇంకో ముక్క అడిగారు. మా ముగ్గురికీ ప్రాణం కుదుటపడింది. నొప్పి లేకపోవడమే చూశాము. అది మానకపోవడం చూడలేదు. అయినా నాన్న మనసు పీకుతూనే ఉండటంతో, నేను చూసిన పదో రోజున, ఒక శనివారం ఉదయం, తాతయ్యను దంతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళారు. అమ్మకు ఆ రోజు డ్యూటీ ఉంది. ఇంట్లో ఒక్కదాన్నే వదిలే వీలులేక నన్నూ వెంటబెట్టుకున్నారు.

ఆ వైద్యుడు తెల్లజుట్టు మనిషి, నెమ్మదస్తుడు. తాతయ్య నాలుక కొసను చిన్న గుడ్డతో పట్టుకుని పక్కకు లాగి, పుండు అంచును వేలితో నొక్కి చూశాడు. ఇది ఎప్పుడు మొదలయిందని అడిగాడు. తాతయ్య నోట్లో ఆయన వేళ్ళున్నాయి. అందుకని నాన్న జవాబిచ్చారు.

“టెన్ డేస్, డాక్టర్.”

వైద్యుడు వేళ్ళు తీసి, అంతేనా అన్నట్లు తాతయ్య వైపు చూశాడు. తాతయ్య నాన్నను చూశారు. నాన్న చేతుల్లో తాతయ్య మఫ్లరు ఉంది. దాన్ని మడుస్తున్నారు, విప్పుతున్నారు, మళ్ళీ మడుస్తున్నారు.

“యెస్ సర్,” అన్నారు తాతయ్య.

పది రోజుల పుండుకు చేయవలసినదే ఆ వైద్యుడు చేశాడు. పక్కనే మొనదేలిన పన్ను ఒకటి కనిపిస్తే దాన్ని అరగదీసి నునుపు చేశాడు. పుక్కిలించడానికి మందు రాసిచ్చాడు. రెండు వారాల్లో మానకపోతే నొప్పి ఉన్నా లేకపోయినా తిరిగి తీసుకురమ్మని నాన్నకు స్పష్టంగా చెప్పాడు. రెండు వారాలు గడిచాయి. పన్ను గీసుకోవడం ఆగింది కనుక తాతయ్యకు హాయిగానే ఉంది. ఆవకాయా తింటున్నారు. మంచు తెగ పడుతోంది. ఈ శనివారం కాదు, వచ్చే శనివారం అనుకున్నాము. మార్చి నెలలో ఆయన మెడ పక్కన గట్టిగా ఒక గడ్డ చేతికి తగిలేదాకా ఆ వచ్చే శనివారం రాలేదు.

ఆసుపత్రిలో పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సర్ అన్నారు. నాలుకలో సగం దాకా తీసివేశారు. మెడకు రేడియేషన్ ఇచ్చారు. ముందే వచ్చి ఉంటే చిన్న ఆపరేషన్‌తో పోయి ఉండేదా అని నాన్న అడిగితే, కావచ్చు, చెప్పలేము అన్నాడట సర్జన్.

ఇంటికి వచ్చిన తాతయ్య మాట ముద్దగా, తడిగా ఉండేది. అమ్మకు సగమే అర్థమయ్యేది. నాన్నకు అర్థమయ్యేదో లేదో తెలియదు. తాతయ్య మాట్లాడటం మొదలుపెడితే చాలు, నాన్న లేచి వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చేవారు. రైలు కథ మళ్ళీ చెప్పమని నేనూ అడగలేదు, తాతయ్యా చెప్పలేదు.

నేను మరిచిపోలేని రోజు ఆ తరువాత వచ్చిన జూన్ నెలలోది. మంగళవారం. అప్పటికే నా కింది పెదవి లోపల నోటిపూత ఉంది. ఆ శనివారం స్నేహితురాలి పుట్టినరోజు ఉంది. అమ్మకు తెలిస్తే అంతదాకా మజ్జిగే గతి అని దాచాను. పొద్దున్న పాలు తాగుతూ ఉలిక్కిపడితే అమ్మ పట్టేసింది. ఆమె ముఖంలో రంగు లేదు.

“మండుతోందా? ఎన్నాళ్ళయింది?”

“నిన్నే వచ్చిందమ్మా. మండట్లేదు కూడా.”

మండటం లేదనగానే అమ్మ ఊపిరి తీసుకుంది. సోఫాలో ఉన్న తాతయ్య చెంచాతో బల్ల మీద గట్టిగా కొట్టారు. నన్ను బాల్కనీలోకి రమ్మని చెయ్యి ఊపారు. అక్కడ ఎండలో నిలబెట్టి, పెదవి కిందికి లాగి చాలాసేపు చూశారు. ఆయన మాటలను పలికినట్లు రాయడం నాకు చేతకాదు. అర్థమైనట్లు రాస్తున్నాను.

“ఎప్పటి నుంచి?”

“నిన్నటి నుంచి.”

ఆయన ముఖం తిప్పుకుని కింద రోడ్డు మీద పోతున్న బస్సులను చూడసాగారు. నేను ఇంగ్లీషులో మాట్లాడినప్పుడు చూసే చూపు అది. నాకు సిగ్గేసింది. గుర్తులేదని గొణిగాను.

“మొదటిసారి చురుక్కుమన్నప్పుడు ఏం తింటున్నావు?”

“పిజ్జా.”

“ఎక్కడ?”

“స్కూల్లో.”

“స్కూల్లో పిజ్జా ఏ రోజు పెడతారు?”

“ఫ్రైడే... శుక్రవారం.”

“అయితే ఇది నిన్నటిదా?”

నేను తల అడ్డంగా ఊపాను. రోజులు ఎవరికీ గుర్తుండవని, తిన్నది గుర్తుంటుందని, ఇంటికి ఎవరొచ్చారో గుర్తుంటుందని, దాన్ని పట్టుకుని వెనక్కి వెళితే రోజు దొరుకుతుందని చెప్పారు. చెప్పి ఆయాసపడి కూర్చున్నారు. చిన్నపిల్లలు ఊరుకోరు కదా, అడిగాను.

“మరి నీకు ఎప్పుడు మొదలైంది, తాతయ్యా?”

“నువ్వు కొత్త బ్యాగు తగిలించుకుని నాలుగో క్లాసుకు పోయిన రోజు. ఉప్మా సగం వదిలేసి పోయావు. అది నేను తింటుంటే తగిలింది.”

బడి తెరిచేది సెప్టెంబరు మొదటి వారంలో. మేము ఆ వైద్యుడి దగ్గరికి వెళ్ళింది నవంబరు చివరి శనివారం. అప్పటికే లెక్కలంటే నాకు సరదా. వేళ్ళ మీద వారాలు వేసుకున్నాను. పన్నెండు వచ్చాయి.

“నాన్న పది రోజులన్నారు కదా?”

“వాడికి తెలిసింది పది రోజుల కిందటే కదా, తల్లీ. వాడు అబద్ధమాడలేదు. నా రోజులు నేను చెప్పుకోవాలి.”

“మరి ఎందుకు చెప్పలేదు?”

ఆయన నోటి పక్కన కారిన చొంగను రుమాలుతో తుడుచుకున్నారు. ఆ తరువాత చెప్పినది చాలా ముద్దగా వచ్చింది. రెండుసార్లు చెప్పించుకున్నాను.

“మూడు నెలలంటే ఆ డాక్టరు మీ నాన్న వంక చూస్తాడు. ఇంట్లో ముసలాయన నోట్లో పుండుతో తిరుగుతుంటే ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావయ్యా అంటాడు. నీ ముందు, నా ముందు. వాడు రెండు ఉద్యోగాలు చేస్తూ నన్ను తెచ్చి పెట్టుకున్నాడు. వాడు తలదించుకోవడం నేను చూడలేను.”

నాలుగు నిమిషాలను ఎవరి పెళ్ళి మీద ఒట్టుకూ వదలని మనిషి, కొడుకు కోసం పన్నెండు వారాలను పది రోజులు చేశారు.

తరువాత నా గడ్డం పట్టుకుని మూడు మాటలు చెప్పారు. నొప్పి లేదని ఏ పుండునూ నమ్మవద్దు. రెండు వారాలు దాటి నోట్లో ఏది మానకపోయినా వెళ్ళి చూపించుకో. ఎప్పటి నుంచి అని వాళ్ళడిగితే ఉన్నన్ని రోజులూ చెప్పు, ఎవరి మర్యాద కోసమూ ఒక్క రోజు తగ్గించకు. చివరన, చాలా మెల్లగా, ఇది మీ నాన్నకు మాత్రం చెప్పకు అన్నారు.

అప్పటి నుంచి రోజూ ఉదయం నా పెదవిని టార్చిలైటు వేసి చూసేవారు. పుండు అంచులు దగ్గరపడుతున్నాయని వేళ్ళతో చూపించేవారు. మరుసటి వారం ఆఖరుకు అది ఉన్న చోటు కూడా తెలియకుండా పోయింది. టార్చి ఆర్పి, ఆయన నా నుదుటిని ముద్దుపెట్టుకున్నారు. పెదవులు సరిగ్గా మూసుకోని ముద్దు. తడి అంటింది. అది తుడుచుకోకూడదని నాకెలాగో తెలిసింది.

అక్టోబరులో, చెట్ల ఆకులన్నీ ఎర్రబడిన రోజుల్లో, తాతయ్య పోయారు.

పలకరించడానికి వచ్చిన ప్రతివారితోనూ నాన్న ఒక్కటే మాట అనేవారు. “పది రోజులకే తీసుకెళ్ళామండీ. పది రోజుల్లో అంత ఎలా ముదిరిపోయిందో నాకు అర్థం కాదు.” వచ్చినవాళ్ళు, అదంతే అంకుల్ అనో, దాని తత్వమే అంత అండీ అనో అనేవారు. నేను ట్రే పట్టుకుని టీ కప్పులు అందిస్తూ వినేదాన్ని. పదేళ్ళయ్యాక కూడా అదే మాట అన్నారు. ఇరవై ఏళ్ళయ్యాక కూడా. ముసలితనంలో ఒకసారి డైనింగ్ టేబుల్ దగ్గర, ఎవరూ అడగకుండానే, నా వైపు తిరిగి, “పది రోజులే కదమ్మా, నువ్వూ ఉన్నావుగా?” అన్నారు. “పది రోజులే నాన్నా,” అన్నాను. నాన్న పోయిన ఏడాది కాలం చేశారు. అందుకే ఈ మాట ఇప్పుడు రాయగలుగుతున్నాను.

ఆ బాల్కనీ నుంచి నేను వెంట తెచ్చుకున్నది ఒక అలవాటు. తేదీలు రాసుకుంటాను. నాకొచ్చినవి, మావారికొచ్చినవి, పిల్లలకొచ్చినవి. జ్వరమైనా, దద్దురైనా, నోటిపూతయినా. “నొప్పిగా ఉందా?” అన్న ప్రశ్నను మా ఇంట్లో రెండోది చేశాను. మా అమ్మాయి ఇంగ్లీషులో విసుక్కుంటుంది. “మామ్, ఇట్స్ జస్ట్ ఎ సోర్,” అంటుంది. “ఎప్పటి నుంచి?” అని నేను తెలుగులోనే అడుగుతాను.

మొన్న చలికాలంలో మావారి చిగుళ్ళ పక్కన పుండు ఒకటి మానలేదు. ఆయనా దాచారు, నేనూ ఆలస్యంగానే చూశాను. క్లినిక్‌లో యువ డాక్టరు అడిగితే దాచకుండా చెప్పాను. ఇరవైమూడు రోజులు, చూసుకోవడంలో మాదే ఆలస్యం అన్నాను. ఆమె తల ఊపి, లైటు దగ్గరికి లాక్కుని, ముక్క తీసి పరీక్షకు పంపుదామంది. వారం తరువాత భయం లేదని ఫోను వచ్చింది.

ఇన్నేళ్ళలో ఎంతమంది వైద్యుల ముందు ఎన్ని ఆలస్యాలు ఒప్పుకున్నానో నాకు లెక్క ఉంది. చెప్పిన ప్రతిసారీ కుర్చీ అంచున కూర్చుని ఒక్క మాట కోసం ఎదురుచూస్తాను: ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు? మా తాతయ్య తన నాలుకను ఇచ్చి మా నాన్నకు తప్పించిన మాట అది. ఇంతవరకూ ఒక్కరు కూడా నన్ను ఆ మాట అడగలేదు.